పొరకూ పొరకూ నడుమ: నానోట్యూబులు కలిపిన ఫైబర్ కాంపోజిట్ల బలం, వేడి

సభకు నమస్కారం.

వెదురు బొంగును అడ్డంగా విరవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. అదే బొంగును నిలువునా చీల్చడానికి మేదరి చేతిలోని చిన్న కత్తి సరిపోతుంది. మొన ఒకసారి దిగిందంటే కణుపు తర్వాత కణుపు దానంతటదే పగులుతూ పోతుంది. వెదురు బలమంతా నారలో ఉంది, ఆ నారలన్నీ ఒకే దిక్కుకు సాగుతున్నాయి, వాటిని ఒకదానికొకటి అంటించి ఉంచే పదార్థం మాత్రం మెత్తనిది. ఈ రోజు నేను మాట్లాడబోయే కార్బన్ ఫైబర్, గ్లాస్ ఫైబర్ కాంపోజిట్లు, అంటే సన్నని పోగులను రెసిన్ అనే జిగురులో బిగించి చేసే పదార్థాలు, విమానం రెక్కలో ఉన్నా, రాకెట్ మోటారు కవచంలో ఉన్నా, వాటి గుణమూ దోషమూ ఈ వెదురు బొంగువే. కార్బన్ నానోట్యూబులు అనే అతి సన్నని కార్బన్ గొట్టాలను వీటిలో ఎందుకు కలుపుతున్నారు, కలిపితే బరువు మోయడంలోనూ వేడిని తట్టుకోవడంలోనూ నిజంగా ఏమి మారుతుంది, ఏమి మారదు అన్నదే నా విషయం. ముప్పై ఏళ్లుగా రెసిన్ వాసన పీలుస్తున్న మనిషిగా నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నానోట్యూబు గొప్పతనం నానోట్యూబులో ఎంత ఉన్నా, మనకు దక్కేది మాత్రం దాని ఒంటికీ రెసిన్‌కూ మధ్య ఉన్న సరిహద్దు దయతలిచి ఇచ్చినంతే.

ముందు కార్బన్ ఫైబర్ సంగతి. ఒక్కో పోగు మందం సుమారు 7 మైక్రాన్లు, అంటే తల వెంట్రుకలో పదో వంతు. సాగదీస్తే ఎంత బిగువుగా ఎదురు నిలుస్తుందో చెప్పే కొలతను యంగ్ గుణకం అంటారు. సాధారణ రకం పోగుకు అది 230 గిగాపాస్కల్స్. ఉక్కుకు 200. బరువులో మాత్రం ఈ పోగు ఉక్కులో నాలుగో వంతు కూడా తూగదు. ఇలాంటి వేల పోగులను పేనకుండా పక్కపక్కన పరిచి, ఎపాక్సీ రెసిన్‌తో తడిపి, పొర మీద పొర వేసి, వేడిలో గట్టిపరిస్తే కాంపోజిట్ పలక తయారవుతుంది. బోయింగ్ 787 బరువులో దాదాపు 50 శాతం, ఎయిర్‌బస్ ఎ350 బరువులో 53 శాతం, మన తేజస్ యుద్ధవిమానం బరువులో సుమారు 45 శాతం ఇలాంటి కాంపోజిట్లే. క్షిపణి కోసం హైదరాబాదులో అభివృద్ధి చేసిన తేలికపాటి పదార్థంతో, నిమ్స్ ఆసుపత్రిలో పిల్లలకు కాళ్లకు ఊతంగా కట్టే 3 కిలోల లోహపు కాలిపర్ల బదులు 300 గ్రాముల కాలిపర్లు అమర్చిన సంగతిని అబ్దుల్ కలాం తన ప్రసంగాల్లో ఎంతో ఇష్టంగా చెప్పేవారు. తేలికదనం విలువ ఏమిటో అర్థం కావడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

అయితే ఇక్కడ ఒక లెక్క వేద్దాం. పలకలో 60 శాతం పోగులు, 40 శాతం ఎపాక్సీ ఉన్నాయనుకోండి. ఎపాక్సీ గుణకం కేవలం 3 గిగాపాస్కల్స్. పోగుల దిక్కున పలక గుణకం 138కి 1.2 కలిపితే వచ్చేదే, అంటే 139.2 గిగాపాస్కల్స్. ఇప్పుడు నానోట్యూబులు కలిపి ఎపాక్సీ గుణకాన్ని ఏకంగా 20 శాతం పెంచామనుకుందాం. రెసిన్ 3.6 గిగాపాస్కల్స్ అయింది, పలక 139.4 దాటి ఓ పిసరు పెరిగింది. అంటే రెసిన్‌లో ఐదో వంతు పెరుగుదల పలకలో వెయ్యికి రెండు వంతులుగా మిగిలింది. పోగుల దిక్కున గట్టిదనం పెంచడానికి నానోట్యూబులు కలుపుతున్నామని ఎవరైనా ప్రతిపాదన రాసుకొస్తే, ఈ నాలుగు పంక్తుల లెక్క వారి చేతనే వేయించి పంపించేయాలి.

మరి ఉపయోగం ఎక్కడ? మేదరి కత్తి దిగే చోట. పొరకూ పొరకూ నడుమ పోగులు లేవు, ఉన్నది రెసిన్ ఒక్కటే. పలక మీద పనిముట్టు జారిపడితే పైన గీత కూడా కనబడకపోవచ్చు, లోపల మాత్రం పూతరేకు మడతల్లాగా పొరలు విడిపోతాయి. అలా విడిపోయిన పలక లాగుడుకు బాగానే నిలుస్తుంది, నొక్కుడుకు మాత్రం ఒక్కో పొర విడివిడిగా వంగి కుప్పకూలుతుంది. అందుకే విమాన నిర్మాణంలో పోగు దిక్కు బలాన్ని నమ్ముకుని ఉన్నదంతా వాడేయరు; దెబ్బ తిన్న తర్వాత మిగిలే నొక్కుడు బలాన్ని బట్టి పలక మందం నిర్ణయిస్తారు. ఈ ఒక్క బలహీనత వల్లనే ఎన్నో కిలోలు అదనంగా మోయవలసి వస్తోంది.

ఇక నానోట్యూబు. కార్బన్ పరమాణువుల షట్కోణ వలను చాప చుట్టినట్లు చుట్టి, అతుకు కనబడకుండా కలిపితే వచ్చే గొట్టం ఇది. ఇలాంటి గొట్టాల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలను రష్యన్ శాస్త్రవేత్తలు రాదుష్కేవిచ్, లుక్యానోవిచ్ 1952లోనే ప్రచురించారు. కానీ లోకం కళ్లు తెరిచింది 1991లో, జపాన్‌లోని ఎన్ఈసీ ప్రయోగశాల నుంచి సుమియో ఇజీమా వీటి నిర్మాణాన్ని వివరించాక. పాలిమర్‌లో వీటిని కలిపిన తొలి పరిశోధన పత్రం 1994లో వెలువడింది. దాని ప్రధాన రచయిత పుళిక్కల్ అజయన్ కేరళలో పుట్టి బెనారస్‌లో చదివినవారు. నానోట్యూబు గుణకం దాదాపు 1000 గిగాపాస్కల్స్, ఉక్కుకు ఐదు రెట్లు. అనేక గోడల నానోట్యూబును రెండు కొసల్లో పట్టి లాగి తెంచిన ప్రయోగం 2000లో జరిగింది. బయటి గోడ బలం 11 నుంచి 63 గిగాపాస్కల్స్ వరకు తేలింది. ఆ ప్రయోగంలో తెగింది బయటి గోడ మాత్రమే అన్నది గమనించాలి. లోపలి గోడలు ఒరలోంచి కత్తి దూసినట్లు జారి బయటికి వచ్చేశాయి. గోడకూ గోడకూ మధ్య పట్టు అంత తక్కువ. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత నాకు ఇక్కడే గుర్తుకొస్తుంది.

రెసిన్ నుంచి నానోట్యూబుకు బరువు చేరేది దాని పక్కగోడల మీదుగా, కోత ప్రతిబలం రూపంలో, అంటే ఒకదాని మీద ఒకటి జారేలా లాగే బలంగా. పోగు పూర్తి బలాన్ని రాబట్టాలంటే అది కనీసం ఎంత పొడవుండాలో చెప్పే పాత సూత్రం ఒకటి ఉంది: పోగు బలాన్ని దాని మందంతో హెచ్చించి, సరిహద్దు పట్టుకు రెట్టింపుతో భాగించాలి. పట్టు 30 మెగాపాస్కల్స్ అనుకుంటే, 7 మైక్రాన్ల కార్బన్ పోగుకు కావలసిన పొడవు అర మిల్లీమీటరు పైచిలుకు. 10 నానోమీటర్ల (నానోమీటరు అంటే మైక్రాన్‌లో వెయ్యో వంతు) మందం, 30 గిగాపాస్కల్స్ బలం ఉన్న నానోట్యూబుకు 5 మైక్రాన్లు. కాగితం మీద ఇది చాలా తేలికైన షరతు. కానీ ఉండలు విడగొట్టడానికి మనం అల్ట్రాసోనిక్ మోత పెడతాం, ఆ మోతకు గొట్టాలు విరిగి ఒక మైక్రాన్‌కు చేరతాయి. పట్టు పెంచడానికి ఆమ్లంలో ఉడికించి గోడలకు రసాయన కొక్కేలు తగిలిస్తాం, ఆ కొక్కెం తగిలిన చోటల్లా షట్కోణ వల చెదిరి గొట్టం బలమూ వాహకతా తగ్గుతాయి. ఒకటి సరిచేస్తే ఇంకొకటి చెడుతుంది. ఈ రంగంలో పనిచేసేవారి రోజులన్నీ ఈ బేరసారాల్లోనే గడుస్తాయి.

ఉండల సంగతి అన్నాను కదా. శనగపిండిలో ఒక్కసారిగా నీళ్లు పోస్తే ఏమవుతుందో వంటింట్లో అడుగుపెట్టిన ప్రతివారికీ తెలుసు. నానోట్యూబులు అంతకంటే మొండివి. ఒకే గోడ ఉన్న నానోట్యూబుల గ్రాము పొడిలో సిద్ధాంతరీత్యా 1300 చదరపు మీటర్లకు పైగా ఉపరితలం ఉంటుంది, అంటే ఐదారు టెన్నిస్ కోర్టులు ఒక చిటికెడులో ఇమిడి ఉన్నాయన్నమాట. అంత ఉపరితలమూ పక్కదానిని అంటుకోవడానికే చూస్తుంది. విడిపోని ఉండ ఒకటి రెసిన్‌లో మిగిలిందంటే అది బలం ఇవ్వకపోగా పగులుకు మొదలవుతుంది. రంగుల కంపెనీల్లో, అచ్చు సిరా తయారీలో వాడే మూడు రోలర్ల మిల్లే దీనికి ఇప్పటికీ నమ్మకమైన మార్గం. కొద్ది మైక్రాన్ల సందులోంచి రెసిన్ నలుగుతూ వస్తే, ఉండలు విడిపోతాయి, గొట్టాలు మరీ అంతగా విరగవు.

ఇప్పుడు ఈ బల్ల మీద ఉన్న పలకను చూపిస్తాను. ఇది నా తొలి ప్రయత్నాల్లో ఒకటి, విఫలమైనది కనుకనే దాచుకున్నాను. ఎనిమిది పొరల గ్లాస్ గుడ్డను అచ్చు మీద పరిచి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచులు జిగురు పట్టీతో మూసి, ఒక కొస నుంచి వాక్యూమ్ పంపుతో గాలి లాగుతూ రెండో కొస నుంచి నానోట్యూబులు కలిపిన ఎపాక్సీని వదిలాను. కార్బన్ గుడ్డ అయితే అంతా నలుపే కనుక ఏమి జరిగిందో తెలిసేది కాదు. గ్లాస్ గుడ్డ రెసిన్‌తో తడిస్తే పారదర్శకంగా మారుతుంది, కాబట్టి దొంగ దొరికిపోయాడు. రెసిన్ ప్రవేశించిన అంచు చూడండి, కాటుకలా ఉంది. జానెడు దూరం వచ్చేసరికి బూడిద రంగుకు తిరిగింది. పంపు ఉన్న కొసన అచ్చమైన తేనె రంగు. అంటే గుడ్డ వడపోత బట్టలా పనిచేసి నానోట్యూబులన్నిటినీ దారిలోనే పట్టేసింది, ఆఖరి కొసకు చేరింది ఒట్టి ఎపాక్సీయే. దీనినుంచి ముక్కలు కోసి పరీక్షించి సగటు చెప్పి ఉంటే అది సంఖ్యే అయ్యేది, అర్థమున్న సంఖ్య మాత్రం అయ్యేది కాదు. పైగా నానోట్యూబులు కలిసిన కొద్దీ రెసిన్ చిక్కబడుతుంది, పారడం మందగిస్తుంది, అక్కడక్కడ తడవని గుడ్డ మచ్చలుగా మిగులుతుంది. అందుకే ఆచరణలో పాళ్లు అర శాతం దగ్గరే ఆగిపోతాయి.

ఈ ఇబ్బందులన్నీ దాటినవారికి ఫలితం లేకపోలేదు. హాంబర్గ్ సాంకేతిక విశ్వవిద్యాలయం వారు 2005లో ప్రచురించిన పనిలో, మూడు రోలర్ల మిల్లుతో కలిపిన కేవలం 0.3 శాతం నానోట్యూబులతో గ్లాస్ ఫైబర్ పలక పొరల మధ్య కోత బలం 20 శాతం పెరిగింది. ఈ పరీక్ష చూడడానికి చాలా చిన్నది. బొటనవేలి గోరంత వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్కను 12 మిల్లీమీటర్ల ఎడంలో రెండు దిమ్మెల మీద ఆనించి నడుమ నొక్కుతారు. నొక్కుడు బలాన్ని చూపే గ్రాఫు గీత నిటారుగా ఎక్కుతూ పోతుంది, సన్నగా టిక్కుమన్న చప్పుడుతో ఒక్కసారి దిగుతుంది. ముక్కను తీసి పక్క అంచును భూతద్దంలో చూస్తే, మందం మధ్యన వెంట్రుకలాంటి గీత కనిపిస్తుంది. ఆ గీత వెంబడి విప్పి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పెడితే, పగులు ముఖం మీద నానోట్యూబుల కొసలు కోత కోసిన మడిలో కొయ్యకాళ్లలా నిలబడి ఉంటాయి. పగులు తెరుచుకుంటున్నప్పుడు ఈ గొట్టాలు రెండు ఒడ్లనూ పట్టుకుని వంతెనల్లా నిలిచి, మెల్లగా ఊడివస్తూ శక్తిని తాగేశాయన్నమాట. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పట్టు మరీ గట్టిదైతే గొట్టం ఊడిరాదు, పుటుక్కున తెగుతుంది, తాగే శక్తి తగ్గుతుంది. గట్టిదనానికి బిగువైన పట్టు కావాలి, పగులును ఆపడానికి కొంచెం జారే పట్టు కావాలి. రెండూ ఒకే రెసిన్‌లో గరిష్ఠంగా దొరకవు.

వడపోత బెడదను తప్పించుకోవడానికి గొట్టాలను రెసిన్‌లో కలపడం మానేసి, పోగు మీదే పెంచేవారు ఉన్నారు. పోగు ఒంటి నిండా గొట్టాలు మొలిచి సీసా కడిగే బ్రష్‌లా తయారవుతుంది. 2002లో ఇలా పెంచిన ఒంటరి పోగులను పరీక్షిస్తే సరిహద్దు కోత బలం 15 శాతం పెరిగింది. కానీ పెంచడానికి కావలసిన కొలిమి వేడీ, ఇనుప ఉత్ప్రేరకమూ కార్బన్ పోగును తినేసే ప్రమాదం ఉంది. పొరల మధ్య లాభం, పోగులో నష్టం. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో వార్డల్ బృందం దారి వేరు. గొట్టాలను విడిగా పచ్చికలా నిలువునా పెంచి, ఆ పచ్చికను ఒలిచి రెండు పొరల నడుమ నిలబెట్టారు. రెసిన్ కేశనాళిక చర్యతో తానే పైకి పాకి పచ్చికను తడిపేస్తుంది. పొరను పొరకు కుట్టినట్లయింది, పోగుకు దెబ్బ తగలలేదు. నా దృష్టిలో ఇప్పటివరకు వచ్చిన ఆలోచనల్లో తెలివైనది ఇదే, ఎందుకంటే గొట్టాన్ని అది అవసరమైన చోటే, అవసరమైన దిక్కులోనే పెట్టింది.

ఇప్పుడు వేడి సంగతికి వస్తాను. విడిగా ఒక అనేక గోడల నానోట్యూబును కొలిచినప్పుడు గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణవాహకత 3000 వాట్లు, మీటరుకు, కెల్విన్‌కు. రాగికి 400. ఎపాక్సీకి 0.2. ఎపాక్సీలో ఒక శాతం గొట్టాలను అన్ని దిక్కులకూ చెదరగొట్టి కలిపితే, సాదా నిష్పత్తి లెక్కన ఏడెనిమిది వాట్లైనా రావాలి. 2002లో ఒకే గోడ నానోట్యూబులతో కొలిచిన ప్రయోగంలో ఒక శాతానికి 125 శాతం పెరుగుదల వచ్చింది. వినడానికి ఘనంగా ఉన్నా, 0.2 పోయి 0.45 అయిందంతే. మిగిలిన ఏడు వాట్లు ఏమయ్యాయి?

సరిహద్దు దగ్గర ఆగిపోయాయి. నానోట్యూబులో వేడిని మోసేది ప్రధానంగా పరమాణువుల కంపన తరంగాలు. గట్టి కార్బన్ వలలో అవి పరుగులు తీస్తాయి. మెత్తని ఎపాక్సీ కంపనాలకు వాటితో లయ కుదరదు, కాబట్టి ఒడ్డు దాకా వచ్చి వెనుదిరుగుతాయి. ద్రవ హీలియంలో ఈ అడ్డంకిని 1941లో గమనించిన రష్యన్ భౌతికశాస్త్రవేత్త కపిత్సా పేరే దీనికి నిలిచింది. 2003లో నానోట్యూబుల చుట్టూ ఈ సరిహద్దు వాహకతను కొలిస్తే చదరపు మీటరుకు, కెల్విన్‌కు 12 మెగావాట్లు అని తేలింది. ఎపాక్సీ వాహకతను దీనితో భాగిస్తే 17 నానోమీటర్లు వస్తుంది. అంటే ఒక్కో సరిహద్దు 17 నానోమీటర్ల మందం రెసిన్ గోడ అంత అడ్డు. గొట్టం మందమే 10 నానోమీటర్లయితే, దాని చుట్టూ దానికంటే దళసరి కంబళి కప్పి ఉందన్నమాట.

ఇక్కడ విద్యార్థులు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. అదే గొట్టాలు, అదే ఎపాక్సీ, శాతంలో పదో వంతు కలిపినా విద్యుత్ వాహకత కోట్ల రెట్లు పెరుగుతుంది కదా, వేడి ఎందుకు పెరగదు? విద్యుత్తు విషయంలో గొట్టానికీ ఎపాక్సీకీ తేడా పది పక్కన పదిహేను సున్నాల స్థాయి. కరెంటుకు వేరే దారి లేదు, గొట్టాల గొలుసు దొరికిన క్షణంలో మొత్తం దాని మీదే నడుస్తుంది, రెండు గొట్టాల మధ్య ఒకటి రెండు నానోమీటర్ల సందున్నా ఎలక్ట్రాన్ దూకేస్తుంది. వేడికి ఆ తేడా పది వేల రెట్లే. అది రెసిన్ గుండా కూడా తాపీగా కారిపోతుంది కనుక గొలుసు కుదిరిన రోజూ కుదరని రోజూ పెద్ద తేడా కనబడదు.

వేడికి సంబంధించి వాహకత కంటే నాకు ఎక్కువ నిద్ర పట్టనివ్వనిది కుంచించుకోవడం. విమాన భాగాల పలకలను సాధారణంగా 180 డిగ్రీల వద్ద గట్టిపరుస్తారు. గదిలోకి తెచ్చేసరికి 155 డిగ్రీలు దిగాలి. స్వేచ్ఛగా వదిలితే ఒక మీటరు ఎపాక్సీ 8 మిల్లీమీటర్లకు పైగా కుంచించుకుంటుంది. కార్బన్ పోగు వ్యాకోచ గుణకం పొడవు దిక్కున రుణాత్మకం, కాబట్టి అది చల్లబడితే పిసరంత సాగుతుంది. ఒకదానికొకటి అంటుకున్న ఈ ఇద్దరిలో ఒకరు ముడుచుకోవాలంటారు, మరొకరు కదలనంటారు. ఆ తగువంతా రెసిన్‌లో లాగుడు ప్రతిబలంగా ఉండిపోతుంది; పలక మీద ఇంకా ఎవరూ బరువు పెట్టకముందే రెసిన్ సగం అలిసిపోయి ఉంటుంది. తక్కువ ఎత్తు కక్ష్యలో తిరిగే ఉపగ్రహం రోజుకు పదిహేను పదహారుసార్లు ఎండలోకీ నీడలోకీ వెళ్లివస్తుంది, ప్రతిసారీ ఈ తగువు మళ్లీ రాజుకుంటుంది, పోగులను అడ్డంగా పరిచిన పొరల్లో సన్నని పగుళ్లు పుడతాయి. అర శాతం గొట్టాలతో వ్యాకోచంలో పెద్ద మార్పు ఆశించకూడదు. కానీ పుట్టిన పగులును పెరగనివ్వకుండా పట్టి ఉంచడంలో ఇందాక చెప్పిన వంతెనలే ఇక్కడా పనికొస్తాయి. రెసిన్ మెత్తబడే ఉష్ణోగ్రత మాత్రం రెండు వైపులా కదలగలదు. గొట్టాలకు రెసిన్ గొలుసులు గట్టిగా అంటుకుంటే కొన్ని డిగ్రీలు పెరుగుతుంది. ఉండలు మిగిలినా, గట్టిపరిచే రసాయనం పాళ్లు చెదిరినా తగ్గుతుంది. కాబట్టి మీ ప్రయోగంలో ఆ ఉష్ణోగ్రత తగ్గితే గొట్టాలను నిందించే ముందు మీ కలపడాన్ని తనిఖీ చేసుకోండి.

విద్యుత్ గొలుసు మాట వచ్చింది కనుక దాని ఉపయోగమూ చెప్పాలి. గ్లాస్ ఫైబర్ పలక విద్యుత్ బంధకం, దానిలో కరెంటు పారదు. అందులో గొట్టాల గొలుసు వేస్తే, లోపల ఎక్కడ చిన్న పగులు పుట్టినా గొలుసు తెగి నిరోధం పెరుగుతుంది. డెలావేర్ విశ్వవిద్యాలయంలో థోస్టెన్‌సన్, చౌ 2006లో దీనిని చూపించారు. పలక తన నొప్పిని తానే చెప్పుకుంటుంది. గురుగ్రహానికి 2011లో బయలుదేరిన జూనో నౌకలో స్థిరవిద్యుత్తును సురక్షితంగా దించేయడానికి కొన్ని భాగాల మీద నానోట్యూబుల షీటును పొరగా వేశారు. పిడుగు దెబ్బకు విమానం ఒంటి మీద వేసే రాగి వలను ఇవి పూర్తిగా తొలగించగలవన్న మాటను మాత్రం నేను నమ్మను. పిడుగు ప్రవాహం రెండు లక్షల ఆంపియర్ల దాకా పోవచ్చు, శాతంలో మూడో వంతు గొట్టాలతో మోసేది కాదు.

ఒక జాగ్రత్త. పొడవైన, బిరుసైన అనేక గోడల నానోట్యూబులు ఎలుకల్లో ఆస్‌బెస్టాస్ లాంటి లక్షణాలు చూపాయని 2008లో ప్రచురితమైంది. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వాటిలో ఒక రకాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న జాబితాలో చేర్చింది. రెసిన్‌లో గట్టిపడిన తర్వాత భయం తక్కువే. భయమంతా పొడి డబ్బా మూత తెరిచినప్పుడూ, పలకను కోసి రుద్దినప్పుడూ. ఫ్యాను కట్టేయండి, మాస్కు పెట్టుకోండి, నీళ్లు పోస్తూ కోయండి.

నా పాత పలకను ఇప్పుడు మీ మధ్యకు పంపుతున్నాను. అంచులకు మళ్లీ ఎపాక్సీ పూశాను కాబట్టి చేతికి ఏమీ అంటదు. కిటికీ వెలుతురుకు అడ్డంగా పెట్టి, నలుపు ఏ వరుస దగ్గర ఆగిపోయిందో చూసి పక్కవారికి అందించండి.